భాషాభాగములు ఎనిమిదేనా? – ఆంగ్ల వ్యాకరణ పరిభాష చరిత్రలో అండమాను దీవుల ముచ్చట

కడచిన వానకాలమున ఒకనాటి సాయంకాలము మా క్వార్టర్ల వరుసలోనే కాపురమున్న మిత్రుని కుమార్తె, ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్ల, ఆంగ్ల వ్యాకరణ పుస్తకము చేతబట్టుకొని మా ఇంటికి వచ్చినది. “పెద్దనాన్నగారూ! ‘ఇన్ ద హౌస్’ అంటే ‘ఇన్’ ప్రిపొజిషన్ అని చెప్పారు. మరి మనం ‘ఇంట్లో’ అన్నప్పుడు ప్రిపొజిషన్ ఏదండీ?” అని అడిగినది. “లో” అంటిని. “ముందు ఉంటుంది కాబట్టి ప్రిపొజిషన్ అన్నారు. ఇది వెనకాల ఉంది కదా?” అని ఆ పిల్ల నావంక చూచినది.

నాకు చెంపమీద చరచినట్లయ్యెను. ఏలయన, ఏబది ఏండ్ల క్రిందట ఇదే ప్రశ్నను నేనొక బడిలో అడిగి, అధికప్రసంగమని అరచేతిమీద బెత్తపుదెబ్బ తినియుంటిని. జవాబు మాత్రము నాడును దొరకలేదు, తరువాతను నేను వెదుకలేదు. ముప్పది సంవత్సరములకు పైగా ఫైళ్లమీద ఆంగ్లమున నోట్లు వ్రాసి పొట్ట పోసికొన్నవాడను, ఆ భాషకు చట్టము వంటి వ్యాకరణ పరిభాష ఎక్కడ పుట్టినదో ఎరుగనైతిని. వచ్చే ఆదివారము చెప్పెదనని పిల్లను పంపివేసితిని. ఆ వారము దినములలో చదివినదియు, ఆ పిమ్మట వదలలేక చదివినదియు ఈ వ్యాసమైనది.

మన పిల్లలు వల్లించు ఆంగ్ల భాషాభాగములు ఎనిమిది. పేరును చెప్పునది నౌన్, అనగా నామవాచకము. దానికి బదులు నిలుచునది ప్రొనౌన్, సర్వనామము. దాని గుణమును తెలుపునది అడ్జెక్టివ్, విశేషణము. పనినిగాని స్థితినిగాని చెప్పునది వెర్బ్, క్రియ. ఆ క్రియ ఎట్లు, ఎప్పుడు, ఎచ్చట జరిగినదో చెప్పునది అడ్వెర్బ్, క్రియావిశేషణము. నామమునకు ముందు నిలిచి తక్కిన వాక్యముతో దానికి గల సంబంధమును చెప్పునది ప్రిపొజిషన్. మాటలను, వాక్యములను కలుపునది కంజంక్షన్, సముచ్చయము. అబ్బా, అయ్యో వంటివి ఇంటర్జెక్షన్. ఈ ఎనిమిదింటిని చూచినచో ఎవరో ఋషి ఆంగ్లభాషను తపస్సుచేసి దర్శించి నిర్ణయించినట్లు తోచును. నిజమునకు ఇందులో ఒక్క పేరైనను ఆంగ్లేయులది కాదు. ఎనిమిది అను లెక్కయును వారిది కాదు.

క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త ప్లేటో వాక్యమును రెండు ముక్కలుగా చూచెను. ఎవరినిగూర్చి చెప్పుచున్నామో ఆ పేరు ఒకటి, ఏమి చెప్పుచున్నామో ఆ మాట ఇంకొకటి. తరువాత రెండు మూడు శతాబ్దులలో ఆ రెండును పగిలి పగిలి, అలెగ్జాండ్రియా నగరపు పండితుడు డయొనీసియస్ థ్రాక్స్ పేరిట నిలిచిన చిన్న వ్యాకరణమున ఎనిమిదియైనవి. కాని ఆ ఎనిమిది ఈ ఎనిమిది కావు. అందు ఇంటర్జెక్షన్ లేదు. విశేషణము నామములోనే ఒక రకము. వీనికి బదులు ఆర్టికల్, పార్టిసిపుల్ అను రెండు వేరు భాగములుండెను. రోమనులు ఆ గ్రంథ సంప్రదాయమును లాటినుకు దింపుకొన్నపుడు చిక్కు వచ్చినది. లాటినులో ఆర్టికల్ లేదు. ఒకటి పోయినచో ఏడే మిగులును. గురువులు ఎనిమిదన్నారు గదా, ఏడని ఎట్లు చెప్పుట? ఆశ్చర్యార్థకమైన అయ్యో, ఆహా వంటి మాటలను పైకి తీసి ఎనిమిదవ పీటమీద కూర్చుండబెట్టిరి. పంక్తిలో ఒక విస్తరి ఖాళీగా నున్నదని వీధిలో పోవువానిని పిలిచి కూర్చుండబెట్టినట్లున్నది.

నాలుగవ శతాబ్దమున డొనాటస్, ఆరవ శతాబ్దపు తొలినాళ్లలో ప్రిస్కియన్ ఈ లాటిను వ్యాకరణమును స్థిరపరచిరి. వేయి సంవత్సరములు ఐరోపా బడులలో వ్యాకరణమనగా లాటిను వ్యాకరణమే. 1586లో విలియం బుల్లొకార్ మొట్టమొదటి ఆంగ్ల వ్యాకరణమును అచ్చువేసినపుడు ఆయన పట్టుదల ఒక్కటే: మా భాషకును లాటినువలె నియమములున్నవని లోకమునకు చూపవలెను. మన భాషయు సంస్కృతమునకు తీసిపోదని చెప్పుటకు మన పూర్వులు పడిన పాటును ఇది నాకు గుర్తుచేయుచున్నది. తరువాతి రెండు శతాబ్దులలో అరలు ఇటునటు మారినవి. 1761లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ (తరువాత ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకడుగా కీర్తిగాంచిన ఆ రసాయనవేత్తయే) పార్టిసిపుల్‌ను తొలగించి, విశేషణమును నామమునుండి విడదీసి, నేడు మనము చదువు ఎనిమిదింటిని వరుసపెట్టెను. 1795లో యార్క్ పట్టణపు బాలికల పాఠశాల కొరకు లిండ్లీ మర్రే వ్రాసిన వ్యాకరణమున ఆర్టికల్ మరల చేరి తొమ్మిదియైనవి. ఆ పుస్తకము ప్రపంచమంతట అమ్ముడుపోయినది. మన దేశమున 1930ల నుండి రెన్ అండ్ మార్టిన్ వచ్చి ఎనిమిదే ఖాయము చేసినది. ఆ రెన్ దొర బొంబాయి రాజధానిలో విద్యాశాఖ ఉద్యోగి, ఫ్రెంచి పటాలములను గూర్చి సాహస నవలలు వ్రాసి పేరు పొందినవాడు. ఆ నవలలకన్న ఆయన వ్యాకరణమే మన ఇండ్లలో ఎక్కువ నలిగినది.

పేర్ల అర్థములు చూచినచో కొంత వినోదము కలదు. నౌన్ అనునది లాటినున నోమెన్, మన నామ శబ్దమునకు తోబుట్టువే. వెర్బ్ అనగా ఊరకే మాట అని అర్థము. ప్రొనౌన్ అనగా పేరుకు బదులు. మన సర్వనామమో బదులు మాటయే ఎత్తదు. పాణిని ‘సర్వ’ శబ్దముతో ఆరంభమగు పదగణమునకు పెట్టిన సంజ్ఞ అది. ‘సర్వ’ అనునది ఎవరికి బదులు? అందుచేత రెండును అచ్చముగా ఒకటి కావు. ఇక ప్రిపొజిషన్ అనగా ముందు పెట్టబడినది. గ్రీకు, లాటిను, ఆంగ్లములలో అది సామాన్యముగా ముందుండును గనుక ఆ పేరు వచ్చినది. మా పిల్ల పట్టుకొన్నది ఆ ముడినే. అన్నిటికన్న విచిత్రము మొత్తమునకు పెట్టిన పేరు. గ్రీకున దాని అర్థము వాక్యభాగములని. అదే లాటినులోనికి, అందుండి ఆంగ్లమున పార్ట్స్ ఆఫ్ స్పీచ్ అని దిగి, తెలుగున భాషాభాగములైనది. వాక్యము జారిపోయి భాష మిగిలినది. అందుచేత పిల్లలకు మాట విడిగా కనబడిన వెంటనే దానికొక అర ఉన్నదను భ్రాంతి. ఆంగ్లమున ‘రౌండ్’ అను ఒక్క మాట వాక్యమునుబట్టి నామము, విశేషణము, క్రియ, క్రియావిశేషణము, ప్రిపొజిషన్ ఐదును కాగలదు. నిఘంటువునందు దాని కులము వెదకిన ప్రయోజనమేమి?

మన దేశమున లెక్క వేరు. యాస్కుడు నిరుక్తమున పదములు నాలుగు విధములనెను: నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము. పాణిని ఇంకను కుదించి సుబంతము, తిఙంతము అని రెండింటితో సరిపెట్టెను. భర్తృహరి వాక్యమే అఖండమనియు, పదవిభాగము మన సౌకర్యము కొరకు చేసికొన్నదే యనియు వాదించెను. తెలుగున పదమూడవ శతాబ్దపు కేతన మొదలుకొని మన వ్యాకర్తలకు మాట ఎచ్చటనుండి వచ్చినది – తత్సమమా, తద్భవమా, దేశ్యమా – అనునదే ప్రధానమైన ప్రశ్న. ఆంగ్లేయుల అరలు మన భాషకు తొడిగిన తొలి యత్నములు 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును, 1816లో మదరాసున వెలువడిన ఏ. డి. కాంబెల్ వ్యాకరణమును. కాంబెల్ గ్రంథమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన పీఠికలోనే తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో ఏకకుటుంబమనియు ధాతువులతో నిరూపింపబడినది. బ్రౌను దొర వ్యాకరణము 1840లో వచ్చినది. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో అచ్చైనది. అందులో సంజ్ఞ, సంధి మొదలు ప్రకీర్ణకము వరకు పది పరిచ్ఛేదములేగాని, ఎనిమిది అరలు లేవు.

ఆ 1858వ సంవత్సరముననే జనవరిలో కాప్టెన్ హెన్రీ మాన్ ఈ దీవులలో బ్రిటిష్ పతాకమును నెలకొల్పెను. మార్చి నెలలో డాక్టరు వాకర్ రెండువందల మంది ఖైదీలతో దిగి, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి ఇప్పుడు శ్రీ విజయపురమైన ఈ పట్టణమునకు పునాది వేసెను. ఇక్కడనుండియే నేను చెప్పదలచిన అసలు ముచ్చట ఆరంభమగుచున్నది.

హెన్రీ మాన్ కుమారుడు ఎడ్వర్డ్ హొరేస్ మాన్ 1869లో ఉద్యోగియై ఇచ్చటికి వచ్చెను. 1875 నుండి కొంతకాలము అండమానీయుల గృహములు ఆయన పర్యవేక్షణలో నుండెను. మనవలెనే బదిలీ ఉత్తరువులు, పైఅధికారుల తనిఖీలు గల సర్కారు నౌకరే. కాని ఆయన దక్షిణ అండమానున నివసించు వారి ఆకా-బేయా భాషను నేర్చి పదములను పోగుచేసెను. మిత్రుడు రిచర్డ్ కార్నాక్ టెంపుల్‌తో కలిసి 1877లో ఆ భాషనుగూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. వారి వ్రాతప్రతులు లండనులో భాషాశాస్త్ర సంఘాధ్యక్షుడైన అలెగ్జాండర్ జాన్ ఎల్లిస్ చేతికి అందినవి. ఈ ఎల్లిస్ వేరు, మన మదరాసు ఎల్లిస్ వేరు. కాని ఇద్దరును తమకు అలవాటైన కొలతబద్దను ఒకమారు క్రింద పెట్టి చూచినవారే.

ఎల్లిస్ చూచినదేమి? ఆకా-బేయా భాషలో ‘బేరింగ’ అనగా మంచి. దానికి ముందు శరీరాంగమును సూచించు చిన్న ఉపపదము చేరును. చేతికి సంబంధించిన ‘ఉన్’ చేరినచో ఉన్-బేరింగ, నేర్పరి. కంటికి సంబంధించిన ‘ఇగ్’ చేరినచో ఇగ్-బేరింగ, చూపు చురుకైనవాడు. నోటికి సంబంధించిన ‘ఆకా’ చేరినచో ఆకా-బేరింగ, మాటకారి. తలకు, హృదయమునకు సంబంధించిన ‘ఓత్’ చేరినచో ఓత్-బేరింగ, సచ్చరిత్రుడు. ‘జాబగ్’ అనగా చెడ్డ. దానికిని ఇట్లే: ఉన్-జాబగ్ అన్నచో పనికిమాలిన చేయి గలవాడు, మొద్దు. ఈ ఉపపదములు విశేషణములతోనే కాదు, నామములతోను, క్రియలతోను చేరును. మరి ఇవి ఏ అరలోనివి? ప్రిపొజిషన్లా? కావు. సర్వనామములా? కావు. లాటిను వ్యాకరణమున వీనికి ఇల్లు లేదు. భాష పేరులోనే ‘ఆకా’ కలదు చూడుడు. ఆకా-బేయా, ఆకా-జేరు, ఆకా-బో అన్నిటిలో ముందున్నది నోరే.

మనకిది అంత కొత్తగా తోచనక్కరలేదు. చేయి తిరిగినవాడు, నోటిదురుసు, తలబిరుసు, కంటికింపు, కడుపుతీపి అని మనము అనుదినము అనుచున్నాము. నోరు మంచిదైన ఊరు మంచిదని మన ముసలమ్మలు చెప్పుదురు. మనకు అది నుడికారము. వారికి అది వ్యాకరణము, తప్పించుకొనుటకు వీలులేని నియమము.

1882లో తన అధ్యక్షోపన్యాసమున ఎల్లిస్ సాహసించి ఒక మాట చెప్పెను. మన ఐరోపా వ్యాకరణ పరిభాష ఇట్టి భాషలకు చాలదు. భాషను వంచి పరిభాషలో ఇరికింపరాదు. క్రొత్త పరిభాషయే కావలెనని దాని సారాంశము. రెండువేల ఏండ్ల ఎనిమిదికి అక్షరమాల లేని ఒక వనవాసి భాష పెట్టిన సవాలు అది. ఆ సవాలు పుట్టినది మనము నిత్యము చేపలు, కూరలు కొనుక్కొను అబర్డీన్ బజారు పరిసరములలో.

జవాబు చెప్పినవాడు టెంపుల్. 1883లో ఆయన సార్వత్రిక వ్యాకరణ సిద్ధాంతమని ఒక చిన్న గ్రంథము వ్రాసెను. ఆయన పదముతో ఆరంభింపలేదు, వాక్యముతో ఆరంభించెను. వాక్యమునకు ఉద్దేశ్యము, విధేయము రెండు కొనలు. మాట ఆ వాక్యములో ఏమి పని చేయుచున్నదో దానినిబట్టియే దానికి పేరు. నౌన్, వెర్బ్ అను పాత పేర్లు విడిచి క్రొత్తవి పెట్టెను. నాకు తోచిన తెలుగులో చెప్పవలెనన్న: దేనిని గూర్చి చెప్పుదుమో దానిని చూపునది సూచకము, దానిని వివరించునది వివరకము, విధేయమును తెలుపునది విధాయకము, దానిని స్ఫుటము చేయునది ప్రకాశకము, కలుపునది సంధాయకము, తానే ఒక పూర్తి వాక్యముగా నిలుచు అయ్యో, అవును వంటివి పూర్ణములు. ఇంకను రెండు మూడు కలవు. 1890లలో టెంపుల్ ఈ దీవులకు చీఫ్ కమిషనరుగా వచ్చెను. ఎం. వి. పోర్ట్‌మన్ 1898లో దక్షిణ అండమాను భాషలపై గ్రంథము ప్రకటింపగా, మరుసటి యేట టెంపుల్ తన సిద్ధాంతమును వానికి అన్వయించి చూపెను. 1901 జనాభా లెక్కల నివేదికలో కూడ దానిని ప్రస్తావించెను. జనాభా లెక్కల పుస్తకములో వ్యాకరణ సిద్ధాంతము! నేటి మన ఆఫీసులలో అట్టి అధికారి తటస్థించినచో సంజాయిషీ అడుగుదురు.

నా అభిప్రాయము అడిగినచో టెంపుల్ ప్రశ్న గొప్పది, ఆయన పేర్లు నిలువదగినవి కావు. పాత అరల స్థానమున క్రొత్త అరలే వచ్చినవి. ఉన్, ఇగ్, ఆకా అను ఉపపదములకు ఆయన పట్టికలో కూడ కుదురైన చోటు నాకు కనబడలేదు. తరువాతివారెవరును ఆ పేర్లను వాడుకలోనికి తేలేదు. కాని వాక్యమునందలి పనినిబట్టి పదమును గుర్తింపవలెనను మూలసూత్రము మాత్రము ఇప్పటి భాషాశాస్త్రమున ప్రతి విద్యార్థియు నేర్చునదే.

ఇట్టి పని మన తెలుగువారిలో ఎవరు చేసిరని వెదకగా గిడుగు రామమూర్తి పంతులు గారు కనబడిరి. ఈ దీవులలోని మన కుటుంబములలో ఎన్నో శ్రీకాకుళ మండలమునుండి వచ్చినవే. పంతులుగారును ఆ సీమవారే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను నేర్చి, 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును ప్రకటించిరి. సవర భాష క్రియలోనే నామమును ఇముడ్చుకొనును. చేపలు పట్టుట యనునది అందు రెండు మాటలు కాక ఒకే క్రియ కాగలదు. అందు నామమెక్కడ ముగిసినది, క్రియయెక్కడ ఆరంభమైనది? వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులైన వారినిగూర్చి ఈ గ్రాంథికమున వ్రాయుచున్నందుకు వారి ఆత్మ నన్ను క్షమించుగాక. మా తరము వారికి అలవాటు పోదు.

అంతదూర మేల? మన తెలుగునే చూతము. “వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి” అని క్రియకు పురుషప్రత్యయములు చేరును. “నేను ఉద్యోగిని, నీవు ఉద్యోగివి, మేము ఉద్యోగులము” అన్నపుడు నామమునకును అట్టి ప్రత్యయములే చేరినవి. క్రియలేని వాక్యమున నామమే క్రియ పని చేయుచున్నది. ఈ విషయము ఎనిమిది అరలలో ఎందును ఇమడదు. ఇక పిల్ల అడిగిన ‘లో’ సంగతి. అది ముందుండదు, ‘ఇంటి’ అను ఔపవిభక్తిక రూపమునకు వెనుక చేరును. చిన్ననాడు వల్లించిన విభక్తుల పట్టికలో ‘లో’ షష్ఠిలో నున్నది, సప్తమిలో కాదు. ‘మీద’, ‘క్రింద’, ‘వెనుక’ యను మాటలైతే ‘మీదికి’, ‘క్రిందినుండి’ అని తామే తిరిగి విభక్తులు తాల్చును గనుక సగము నామములే. కాబట్టి తెలుగున ప్రిపొజిషన్ ఏదన్నచో లేదనవలెను. ఆ పని చేయునది కలదు, కాని అది వెనుక నిలుచును. ప్రశ్న తప్పుకాదు, పేరు మరియొక దేశపుది.

మాన్ ఆకా-బేయా నిఘంటువు 1923లో గ్రంథరూపమున వెలువడెను. అప్పటికి ఆ భాష వినుటకు మనుష్యులు కరవగుచుండిరి. 1858 నాటికి వేలకొలదిగా నున్న గ్రేట్ అండమానీయులు తట్టు, సవాయి మొదలైన క్రొత్త వ్యాధుల వాతబడి 1901 లెక్కలలో 625 మంది, 1961లో 19 మంది మాత్రమే మిగిలిరి. పది తెగల భాషలు ఒక్కొక్కటే మౌనమైనవి. తరువాత స్ట్రెయిట్ ద్వీపమున చేర్చబడినవారు మాటలాడిన మిశ్రభాషను ఆచార్య అన్వితా అబ్బీ వారితో కూర్చుండి వ్రాసికొని, 2012లో నిఘంటువును, 2013లో వ్యాకరణమును ప్రకటించిరి. అందు నామము, క్రియ యను పాత పేర్లే కలవు గాని, శరీరభాగములనుబట్టి మాటలు ఏడు వర్గములుగా విడివడు తీరునకే ఆ వ్యాకరణమున పెద్దపీట. వారికి మాటలు చెప్పినవారిలో బో తెగకు చెందిన బోవా అను వృద్ధురాలు 2010 జనవరి 26న కన్నుమూసెను. తన భాషలో తనతో మాటలాడు తోడు ఎవరును లేక ఆమె ఎన్నియో ఏండ్లు గడపినది. ఆనాడు మనమందరము ఈ పట్టణమున గణతంత్ర దినోత్సవపు కవాతు చూచుచుంటిమి.

ఆదివారము పిల్ల వచ్చినది. పైన వ్రాసిన దానిలో సగమైనను చెప్పియుందును. ఓపికగా విన్నది. ఉన్-బేరింగ, ఆకా-బేరింగ అను మాటలను రెండుమూడు సార్లు పలికించుకొన్నది. చివరకు, “పరీక్షలో టెంపుల్ గారి పేర్లు రాస్తే మార్కులు వేస్తారాండీ?” అని అడిగినది. వేయరమ్మా అంటిని. పుస్తకములో ప్రిపొజిషన్ అను మాటక్రింద గీత గీసి, ప్రక్కన పెన్సిలుతో “మనకు వెనకాల” అని వ్రాసికొని, వాన తగ్గినదని ఇంటికి వెళ్లిపోయినది.